ఆదివారం చర్చ: అలాస్కా చమురు పైపులైను

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు గాంధీనగర్‌లోని మన చదువుల గదిలో, ప్రూడో బే నుంచి వాల్డీజ్ రేవు దాకా మూడు పర్వతశ్రేణులు దాటుతూ దాదాపు 1,287 కిలోమీటర్లు సాగి, 1977 నుంచి ముడి చమురు మోస్తున్న పైపులైను గురించి మాట్లాడుకుందాం. వేడి చమురుకు గడ్డకట్టిన నేల కరిగి కుంగిపోతుంది కనుక సగానికి పైగా గొట్టాన్ని స్తంభాలపైనే నిలిపారు. 2002లో 7.9 తీవ్రతతో భూకంపం వచ్చి పైపులైను దాటే డెనాలి భ్రంశం (భూమి పొరల్లోని పగులు) వద్ద నేల సుమారు 14 అడుగులు పక్కకు జరిగినా, గొట్టం పొడవాటి దూలాలపై జారేలా కట్టినందున చమురు ఒలకలేదు. అందరూ తప్పక తెలుసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం. ఆ అమరిక బొమ్మ గీసి తెస్తాను. పంపింగ్ స్టేషన్ల గురించి చెప్పదలచినవారు శుక్రవారంలోగా ఇక్కడే పేరు రాయండి. గది 12 గంటలకు ఖాళీ చేయాలి కనుక దయచేసి వేళకు రండి.