ఇల్లు విశాఖలో, నెట్ లొకేషన్ హైదరాబాద్‌లో: రూటర్ మార్చితే పోయే జబ్బు కాదు

సంపాదకులు గారికి, నమస్కారం.

నగరంలో ఇంటి ఇంటర్నెట్ వాడేవాళ్ల నోట ఈమధ్య తరచుగా వినిపిస్తున్న ఫిర్యాదు ఒకటుంది. ఉండేది ఎంవీపీ కాలనీలో, కంప్యూటర్ చూపించేది హైదరాబాద్. కొందరికి చెన్నై, కొందరికి ముంబయి. యూట్యూబ్‌లో మరాఠీ ప్రకటనలు వస్తాయి. షాపింగ్ సైటు ఎక్కడిదో పిన్‌కోడ్‌తో తెరుచుకుంటుంది. ‘ముంబయి నుంచి కొత్త లాగిన్’ అని మెయిల్ రాగానే గుండె గుభేలుమంటుంది. ఇక రూటర్ రీసెట్లు, కొత్త రూటర్ కొనడాలు, వచ్చిన టెక్నీషియన్ చేతిలో ఎంతో కొంత పెట్టడాలు మొదలవుతాయి. ఈ ఖర్చు చాలావరకు దండగ. తప్పు తరచుగా ఇంట్లో ఉండదు, ఇంట్లో ఉన్నా రీసెట్‌తో పోయేది కాదు.

నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే నంబరే ఐపీ అడ్రస్. అందులో ఊరి పేరు ఎక్కడా రాసి ఉండదు. ఆసియా పసిఫిక్ దేశాలకు ఈ నంబర్లు పంచే ఏపీనిక్ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. మన దేశంలో ఆ పని నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా) కింద ఉండే ఐఆర్‌ఐఎన్‌ఎన్ అనే రిజిస్ట్రీ చూస్తుంది. వాళ్ల రికార్డుల్లో ఉండేది నంబర్ల బ్లాకు తీసుకున్న కంపెనీ పేరు, దాని ఆఫీసు చిరునామా. కేరాఫ్ అడ్రస్ చూసి మనిషి అక్కడే ఉంటాడనుకోవడం ఎంత సబబో, ఆ చిరునామాను బట్టి చందాదారుడి ఊరు చెప్పడమూ అంతే సబబు. ఆ రికార్డులకు తమ సొంత కొలతలు, ఊహలు జోడించి మ్యాక్స్‌మైండ్, ఐపీఇన్ఫో, ఐపీ2లొకేషన్ వంటి సంస్థలు డేటాబేస్‌లు తయారుచేసి అమ్ముతాయి. సైట్లు, యాప్‌లు అలాంటివాటిని కొనుక్కుని వాడతాయి. గూగుల్ లెక్క గూగుల్‌దే. అందుకే ఒకే ఇంట్లో, ఒకే నిమిషంలో ఒక సైటు చెన్నై అంటే ఇంకోటి విజయవాడ అంటుంది.

విశాఖను హైదరాబాద్ ఇంతగా వెంటాడటానికి కారణం లేకపోలేదు. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండైనా, టెలికాం లైసెన్సు లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణ కూడా కలిసిందే. వీధి చివరి స్తంభం నుంచి మన ఇంట్లోకి దిగిన ఫైబర్‌లోని ట్రాఫిక్ చాలా కనెక్షన్లలో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న గేట్‌వే (కంపెనీ నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లే ద్వారం) దాకా వెళ్లి, బయటికి కనబడే నంబరైన పబ్లిక్ ఐపీని అక్కడే తగిలించుకుని బయటికి అడుగుపెడుతుంది. బయటి సైటుకు కనబడేది ఆ గడపే. దానికి తోడు ఐపీవీ4 అనే పాత తరహా ఐపీ నంబర్ల కరువు. ఏపీనిక్ దగ్గర మామూలుగా పంచే నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. కాబట్టి కంపెనీలు సీజీనాట్ అనే పద్ధతిలో ఒక్క పబ్లిక్ ఐపీ వెనక ఎన్నో ఇళ్లను కూర్చోబెడతాయి. గాజువాక ఇల్లు, కరీంనగర్ ఇల్లు ఒకే ఐపీ వెనక ఉంటే ఏ డేటాబేస్ మాత్రం ఏ ఊరు రాస్తుంది?

మీ ఇల్లు ఈ కోవలోదో కాదో తేల్చుకోవడం తేలికే. రూటర్ కింద స్టిక్కర్ మీద అడ్మిన్ పేజీ అడ్రస్ ఉంటుంది, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1. లోపలికి వెళ్లి స్టేటస్‌లో వాన్ ఐపీ (కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన నంబరు) చూడండి. తర్వాత ఏదైనా ‘నా ఐపీ ఏమిటి’ సైటు తెరిచి అది చెప్పే నంబరు చూడండి. రెండూ ఒకటే అయితే పబ్లిక్ ఐపీ మీ ఒక్క ఇంటిదే. వాన్ ఐపీ 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్యలో ఉన్నా అది సీజీనాట్. అలాంటప్పుడు రూటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా వచ్చేది మళ్లీ అదే గుంపులోని ఐపీ. ఎప్పుడూ మారని స్టాటిక్ ఐపీ తీసుకుంటే సరిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు గానీ, ఆ స్టాటిక్ ఐపీ కూడా హైదరాబాద్ పేర నమోదైన బ్లాకులోదే అయితే డబ్బులు పోయి లొకేషన్ అక్కడే ఉంటుంది. కొనేముందు ఆ బ్లాకులోని ఒక నంబరు అడిగి తీసుకుని డేటాబేస్‌లో వెతికి చూడటం మంచిది.

అంతకన్నా ముందు చూడాల్సింది వీపీఎన్, అంటే మన ట్రాఫిక్‌ను వేరే ఊరి సర్వర్ మీదుగా తిప్పే సాఫ్ట్‌వేర్. క్రికెట్ కోసమో సినిమా కోసమో వేసిన ఉచిత వీపీఎన్ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ రూపంలో మిగిలిపోయి, వాడిన మనిషికే గుర్తుండదు. ఆపిల్ ఫోన్లలో ఐక్లౌడ్ ప్రైవేట్ రిలే ఆన్‌లో ఉంటే సఫారీకి మాత్రమే వేరే లొకేషన్ వస్తుంది. దాని సెట్టింగ్‌లోనే ‘మెయింటైన్ జనరల్ లొకేషన్’ అని ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. తప్పు లొకేషన్‌కు వీపీఎన్‌నే మందుగా వాడమనే సలహా కూడా తిరుగుతోంది. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వినియోగదారుల వివరాలు భద్రపరచాలని నిబంధన పెట్టాక పేరున్న వీపీఎన్ కంపెనీలు కొన్ని తమ సర్వర్లను భారత్ నుంచి ఎత్తేశాయి. వాటిలో ‘ఇండియా’ అని ఎంచుకున్నా ట్రాఫిక్ సింగపూర్ వంటి చోట్లు చుట్టి రావచ్చు. రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

ఇక అసలు పరీక్ష. గూగుల్‌లో ఏదైనా వెతికి పేజీ అట్టడుగుకు దిగండి. అక్కడ ఊరి పేరు, దాని పక్కనే అది ఎక్కడి నుంచి తెలిసిందో రాసి ఉంటుంది: మీ ఐపీ అడ్రస్ నుంచి, మీ డివైస్ నుంచి, మీ గత యాక్టివిటీ నుంచి. ఎవరూ చూడని ఈ చిన్న లైనే సగం సమస్యను విప్పుతుంది. ‘ఐపీ అడ్రస్ నుంచి’ అని ఉంటే పైన చెప్పిన గేట్‌వే, డేటాబేస్ గొడవ. లాన్ కేబుల్‌తో నడిచే, వైఫై కార్డు లేని డెస్క్‌టాప్‌లో సాధారణంగా ఇదే వస్తుంది. ‘గత యాక్టివిటీ’ అని ఉంటే మీ గూగుల్ ఖాతా పాత ఊరిని పట్టుకుని వేలాడుతోందని అర్థం. మ్యాప్స్‌లో ‘హోమ్’ కింద ఏ చిరునామా ఉందో కూడా చూసుకోవాలి. గూగుల్ పేజీ అడుగున ఊరి పేరు పక్కనే ఉన్న ‘అప్‌డేట్ లొకేషన్’ నొక్కి, అడ్రస్ బార్ ఎడమవైపు గుర్తులో ఆ సైటుకు లొకేషన్ అనుమతి ఇస్తే చాలాసార్లు అక్కడికక్కడే సర్దుకుంటుంది.

‘డివైస్ నుంచి’ అని ఉండి కూడా ఊరు తప్పుగా వస్తే, అప్పుడు అనుమానించాల్సింది రూటర్‌నే, అయితే అది పాడైందని కాదు. జీపీఎస్ లేని ల్యాప్‌టాప్ చుట్టుపక్కల వైఫై రూటర్ల హార్డ్‌వేర్ నంబర్లు విని, అవి ఎక్కడివో గూగుల్‌నో ఆపిల్‌నో మైక్రోసాఫ్ట్‌నో అడుగుతుంది. విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చి పాత రూటరే తగిలించుకుంటే, ఆ కంపెనీల జాబితాలో అది ఇంకా విజయవాడలోనే ఉంటుంది. ఆపరేటర్ ఇచ్చే ఫైబర్ డబ్బా కూడా ఒక్కోసారి కొత్తది కాదు, కాకినాడలో కనెక్షన్ తీసేసిన ఇంటి నుంచి వెనక్కి వచ్చినదై ఉండొచ్చు. చుట్టూ పది ఫ్లాట్ల వైఫైలు ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఈ తేడా పెద్దగా తెలియదు, మిగతావి దాన్ని కప్పేస్తాయి. మధురవాడ దాటాక విడిగా ఉన్న ఇళ్లలోనే ఇబ్బంది.

ఇక్కడ వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు, లెక్కలోకి తీసుకునేది హార్డ్‌వేర్ నంబరు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లొకేషన్ సర్వీసెస్ కింద ‘గూగుల్ లొకేషన్ యాక్యురసీ’ ఆన్ చేసి, వైఫైకి కలిపి, బాల్కనీలోనో కిటికీ దగ్గరో మ్యాప్స్ తెరిచి నీలిచుక్క సరిగ్గా మీ ఇంటి మీద పడేదాకా ఉంచండి. కొంతకాలం ఇలా వాడుతుంటే జాబితా తనంతట తానే దిద్దుకునే అవకాశం ఉంది. అసలు ఆ జాబితాలోనే ఉండకూడదనుకుంటే వైఫై పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి నోమ్యాప్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో చేర్చాలి. గూగుల్, ఆపిల్ రెండూ దాన్ని మన్నిస్తాయి. టీవీ, సీసీ కెమెరా, ప్రింటర్ అన్నింటినీ మళ్లీ కలుపుకోవాల్సి రావడం దీనిలోని చికాకు.

ఐపీదే తప్పని తేలినవాళ్లు కనీసం మూడు డేటాబేస్‌లలో తమ నంబరు వెతకాలి. మూడూ ఒకే తప్పు ఊరు చెబితే ట్రాఫిక్ నిజంగానే అక్కడి గేట్‌వే నుంచి వెళుతోందనుకోవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ట్రాఫిక్ వెళ్లే దారిని చూపే ట్రేసర్ట్ కమాండ్ కొడితే వచ్చే వరుసల పేర్లలో హెచ్‌వైడీ, ఎంయూఎం, సీహెచ్‌ఎన్ లాంటి ముక్కలు కనబడితే అనుమానం బలపడుతుంది. మూడూ మూడు ఊళ్లు చెబితే అది ఒట్టి డేటాబేస్ పొరపాటు, దిద్దించుకోవచ్చు. పాత తరహా ఐపీవీ4, కొత్త తరహా ఐపీవీ6 రెండు నంబర్లూ విడివిడిగా చూడాలి, ఒకటి విశాఖ, ఇంకోటి ఢిల్లీ కావడం మామూలే. దిద్దుబాటు ఫారాలు ఆయా సంస్థల సైట్లలో ఉన్నాయి, గూగుల్‌కు విడిగా ‘రిపోర్ట్ ఐపీ ప్రాబ్లమ్’ ఫారం ఉంది. అక్కడ నెల దాటినా పట్టవచ్చని గూగుల్ ముందే చెబుతోంది. ఊరు కాదు, దేశమే తప్పుగా వస్తే మాత్రం ఆగకండి. బయటి దేశపు కంపెనీ నుంచి కొన్న నంబర్ల బ్లాకుకు పాత దేశం పేరు అంటుకుని ఉండొచ్చు. విదేశీ ఐపీలను అడ్డుకునే ప్రభుత్వ, బ్యాంకు సైట్లు అప్పుడు తెరుచుకోవు.

డేటాబేస్ చూపే చుక్కను ఇంటి చిరునామాగా నమ్మితే ఏమవుతుందో అమెరికాలో ఒక రైతు కుటుంబానికి బాగా తెలుసు. అమెరికావి అని తప్ప ఇంకేమీ తెలియని ఐపీలన్నింటికీ మ్యాక్స్‌మైండ్ 2002లో అమెరికా నడిమధ్యన ఒక బిందువు ఎంచుకుంది. అది కాన్సాస్ రాష్ట్రంలో పాట్విన్ దగ్గరి ఒక పొలంలో పడింది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ ఒక్క చోటును చూపించాయి. దొంగ సొత్తు వెతుక్కుంటూ పోలీసులు, బాకీల వాళ్లు, తిట్టడానికి వచ్చిన అపరిచితులు ఏళ్ల తరబడి ఆ గుమ్మం తొక్కారు. 2016లో సంగతి బయటపడ్డాక ఆ బిందువును ఒక చెరువు మధ్యలోకి జరిపారు. మన దగ్గరా ‘ఐపీ ట్రేస్ చేశాం, పెందుర్తి చూపిస్తోంది’ అని ఎవరినైనా అనుమానించేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకుంటే బాగుండు. చందాదారుడెవరో కంపెనీ లాగ్‌లోనే తేలుతుంది, సీజీనాట్ అయితే అందుకు కచ్చితమైన సమయంతో పాటు పోర్ట్ నంబరు (ఒకే ఐపీ వెనక ఉన్న కనెక్షన్లను వేరుచేసే నంబరు) కూడా కావాలి. లాగిన్ హెచ్చరిక వచ్చినప్పుడు చూడాల్సిందీ ఊరి పేరు కాదు, ఏ డివైస్, ఏ సమయం అన్నదే. అవి మీవి కాకపోతే పాస్‌వర్డ్ మార్చండి.

తుపాను రోజుల్లో ఈ తప్పు నవ్వుకుని వదిలేసేది కాదు. హుద్‌హుద్‌ను చూసిన ఊరు మనది, తుపాను హెచ్చరికల కేంద్రం ఇక్కడే ఉంది. అయినా కంప్యూటర్ మూలన ఉన్న వాతావరణ బొమ్మ హైదరాబాద్ ఎండను చూపిస్తూ కూర్చుంటుంది. వాతావరణ యాప్‌లో ఆటోమేటిక్ లొకేషన్ తీసేసి విశాఖపట్నం అని చేత్తో పెట్టుకోవడం ఈ రోజే చేయదగ్గ పని.

ఇంటర్నెట్ కంపెనీలకు ఒక మాట. ఏ నంబర్ల బ్లాకు ఏ ఊరిదో కంపెనీయే ప్రకటించే జియోఫీడ్ అనే పద్ధతి 2020 ఆగస్టు నుంచి ఆర్‌ఎఫ్‌సీ 8805 అనే సాంకేతిక పత్రం రూపంలో ఉంది. ఒక మామూలు సీఎస్‌వీ ఫైలు చాలు. వరుసకు ఒక బ్లాకు, పక్కన దేశం, రాష్ట్రం, ఊరు: ‘203.0.113.0/24, ఐఎన్, ఐఎన్-ఏపీ, విశాఖపట్నం’ అన్న తీరులో, ఇంగ్లిష్ అక్షరాలతో. ఆ ఫైలును సొంత సైట్లో పెట్టి, దాని లింకును రిజిస్ట్రీ రికార్డులోని రిమార్క్స్ వరుసలో రాస్తే డేటాబేస్ సంస్థలు వచ్చి చదువుకుంటాయి. అయితే రెండు రాష్ట్రాలకూ ఒకే నంబర్ల గుంపు వాడుతున్నంత కాలం ఆ ఫైలులో నిజం రాయడం కుదరదు. ముందు విశాఖ చందాదారులకు గుంపులోంచి ఒక బ్లాకు విడదీయాలి. గేట్‌వే హైదరాబాద్‌లోనే ఉన్నా ఇది సాధ్యమే. డేటా సెంటర్లు వస్తున్నాయి కదా, అప్పుడు అదే సర్దుకుంటుందని కొందరంటున్నారు. డేటా సెంటర్‌కూ మన ఇంటి ఐపీ నమోదుకూ సంబంధం లేదు.

చందాదారులు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ‘లొకేషన్ తప్పు’ అంటే వచ్చే జవాబు రూటర్ రీస్టార్ట్ చేయమనే. అలా కాకుండా పబ్లిక్ ఐపీవీ4, ఐపీవీ6 నంబర్లు, ఏ డేటాబేస్ ఏ ఊరు చూపుతోందో స్క్రీన్‌షాట్లు, తేదీ, సమయం మెయిల్‌లో రాసి, నెట్‌వర్క్‌ను చూసుకునే నాక్ టీమ్‌కు పంపమని అడగాలి. ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు తీసుకోవాలి. జవాబు రాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఆ నంబరుతో రాయొచ్చు. లొకేషన్ సరిచేస్తామంటూ ఎవరైనా ఎదురు ఫోన్ చేసి దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ యాప్ వేసుకోమంటే మాత్రం ఫోన్ పెట్టేయండి. ఈ పనికి మీ కంప్యూటర్‌లోకి ఎవరూ రావాల్సిన అవసరం లేదు.

ఇట్లు,
నెట్‌వర్క్ పనుల్లో ఉన్న కొందరు పాఠకులు,
విశాఖపట్నం