ఈ వారం మాట: డ్యూబియస్

అందరికీ నమస్తే!

అనుమానాన్ని చెప్పే ఇంగ్లిష్ మాట ఇది. పలికేటప్పుడు 'డ్యూ' దగ్గర గట్టిగా నొక్కండి.

బ్యాంక్ పరీక్షల్లో తికమక పెట్టేది దీని వాడుకే. అనుమానపడే మనిషికీ వాడొచ్చు: 'ఐ యామ్ డ్యూబియస్ అబౌట్ దిస్ ఆఫర్'. అనుమానం పుట్టించే వస్తువుకీ వాడొచ్చు: 'ఎ డ్యూబియస్ లింక్'. అదే, కేవైసీ చేయకపోతే అకౌంట్ బ్లాక్ అవుతుందని బెదిరించే మెసేజ్‌లో ఉంటుందే, ఆ లింక్! దీనికి దగ్గరి మాట స్కెప్టికల్ (తేలిగ్గా నమ్మని) మాత్రం మనిషికీ, అతని ధోరణికీ వాడతారు. లింక్ స్కెప్టికల్ అవదు.

డౌట్‌కి ఇది చుట్టమే, రెండూ లాటిన్ సంతానం. ఆ మూలం కనిపించాలనే డౌట్ స్పెల్లింగ్‌లో పలకని 'బి'ని తర్వాత ఇరికించారు.

శనివారం రాత్రి 9 లోపు ఒక్కొక్కరు రెండు వాక్యాలు, ఒక్కో వాడుకకి ఒకటి, వాయిస్ మెసేజ్‌గా పెట్టండి. గూగుల్‌లోవి వద్దు, మీ ఇంట్లోవో ఆఫీసులోవో చాలు. తప్పులొస్తాయని టెన్షన్ పడకండి, కాల్‌లో సరిచేసుకుందాం.

ఆదివారం ఉదయం 7 గంటలకు గ్రూప్ కాల్. అడగాల్సింది ఉంటే 'ఐ హావ్ ఎ డౌట్' అనకుండా 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అని మొదలుపెట్టండి.

పోయిన వారం పంపనివాళ్లు అవి కూడా కలిపి పంపాలి. గుడ్ మార్నింగ్ ఫొటోలు లెక్కలోకి రావు 🙂