మా పిల్లల మాట పూర్తయ్యేదాకా ఆగండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నాకు నత్తి. మాది పిడుగురాళ్ల. గుంటూరులో డిగ్రీ చదివిన మూడేళ్లూ ఇంటికొచ్చేటప్పుడు దాచేపల్లికి టికెట్ కొనేవాణ్ణి. కండక్టర్ ఎదురుగా నిలబడితే ‘పి’ దగ్గర పెదాలు అతుక్కుపోయేవి. వెనక జనం తోసుకొచ్చేవాళ్లు. ‘దా’ తేలిగ్గా వచ్చేది. మా ఊరు దాటాక వచ్చే ఊరికి డబ్బులిచ్చి మా ఊళ్లో దిగిపోయేవాణ్ణి.

బడిలోనూ అంతే. "ప్రెజెంట్ సార్" అనేలోపే సారు తర్వాతి పేరుకి వెళ్లిపోయేవారు. నేను లేచి నిలబడే ఉండేవాణ్ణి, రిజిస్టర్‌లో మాత్రం ఆబ్సెంట్.

ఇప్పుడు మా అబ్బాయి ఐదో తరగతి. వాడికీ నత్తి ఉంది. వాచకం తలా ఒక పేరా చదివిస్తూ, వాడి వంతు రాగానే టీచరమ్మ "నువ్వు కూర్చో నాన్నా" అంటారట. ఆవిడ మంచి మనసుతోనే అంటారు. మొన్న రాత్రి వాడు అదే పేరా నా దగ్గర చదివాడు. నాలుగుచోట్ల ఆగాడు, పూర్తి చేశాడు. ఫోన్‌లో టైమ్ చూశాను. రెండు నిమిషాలు.

నత్తి భయం వల్లో, తెలివి తక్కువయ్యో వచ్చేది కాదు. మెదడు మాటను నడిపించే తీరులో తేడా అది, చాలా కుటుంబాల్లో వంశంలోనే ఉంటుంది. ఎక్కువమంది పిల్లల్లో దానంతటదే తగ్గుతుంది. పెద్దవాళ్లలో దాదాపు నూటికి ఒకరికి నిలిచిపోతుంది. అందరితో కలిసి ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు మావాడు ఒక్క అక్షరం దగ్గరా ఆగడు! నాకు చిన్నప్పుడు మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాకించింది. స్పీచ్ థెరపిస్ట్ అనే మాట నేను ఉద్యోగంలో చేరాకే విన్నాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మాట, భాషకు సంబంధించిన వైకల్యం కింద స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం లాంటివి చెప్పారు గానీ నత్తి పేరు లేదు. అది కేంద్రం చేసిన చట్టం. కానీ ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నోటితో జవాబు చెప్పే వైవాలో నత్తి ఉన్న పిల్లలకు, వైకల్యం సర్టిఫికెట్ అడక్కుండా, ఇంకో ఐదు నిమిషాలు ఇమ్మని మీరు చెప్పగలరు. టీచర్ల శిక్షణలో ఒక్క పూట దీనికి కేటాయించండి. మాట మధ్యలో అందించకూడదని, "కంగారుపడకు" అనకూడదని, కళ్లలోకి చూస్తూ ఆగితే చాలని చెప్పించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో వారానికి ఒక్కరోజైనా స్పీచ్ థెరపిస్ట్ ఉండేలా చూడండి.

ఉత్తర్వు వస్తే దాన్ని మా టీచరమ్మ దగ్గరికి నేనే పట్టుకెళ్తాను. మావాడికి ఆ పేరా ఇంకా నోటికి గుర్తుంది.

ఇట్లు,
పిడుగురాళ్ల నుంచి ఒక తండ్రి