ముందు నీళ్ల పంపు, తర్వాతే ఏదైనా

అమ్మలూ,

ల్యాబులో చేరి వారమైందన్నావు. నా ఎడమ మణికట్టు మీద మచ్చేమిటని చిన్నప్పుడు అడిగితే దీపావళికి కాలిందన్నాను, గుర్తుందా? అబద్ధం. బ్యాటరీ షాపు పెట్టిన కొత్తలో చిక్కటి సల్ఫ్యూరిక్ ఆసిడ్ తెచ్చి మేమే నీళ్లలో కలుపుకునేవాళ్లం. ఒకరోజు క్యాను జారింది. పది అడుగుల్లో పంపు ఉంది. నేనేమో ఆసిడ్‌కి సోడా విరుగుడని ఎవరో అన్న మాట పట్టుకుని, కుర్రాణ్ణి వంటసోడాకి కిరాణా కొట్టుకి తరిమాను. వాడొచ్చేసరికి చర్మం తెల్లబడి గోధుమరంగుకి తిరుగుతోంది. సోడా చల్లితే ఇంకా మండింది. ఆ రెండూ కలిస్తే వేడి పుడుతుందని ఎన్నో ఏళ్లకి ఇంటర్ చదువుతూ నువ్వే చెప్పావు. పదో తరగతి తప్పినవాడికి ఏం తెలుస్తుంది!

ఆసిడ్ ఒంటి మీద పడితే వెంటనే పంపు కిందకి పో, నీళ్లు 20 నిమిషాలకి తగ్గకుండా పారాలి. గడియారం చూసుకో, మంట కాస్త తగ్గగానే చాల్లే అనిపిస్తుంది. బకెట్లో చెయ్యి ముంచి కూర్చోవడం కాదు, ధారగా పోయాలి, ఆ నీళ్లు ఒంటి మీద వేరేచోట పడకూడదు. నీళ్లు పోస్తూనే గాజులు, వాచీ, తడిసిన బట్టలు తీసెయ్యి. కుర్తా తల మీదుగా లాగకు, ముఖానికి అంటుకుంటుంది. కత్తెరతో కోసెయ్యి. నా లుంగీలు ఉతికితే జల్లెడలవుతున్నాయని మీ అమ్మ తిట్టేది కదా. బట్టలో ఇంకిన ఆసిడ్ అలా తింటూనే ఉంటుంది.

కంట్లో పడితే ఆ కన్ను కిందికి వచ్చేలా తల పక్కకి వంచి, రెప్పలు విడదీసి కడగాలి, లేకపోతే రెండో కంట్లోకి పారుతుంది. కాంటాక్ట్ లెన్సు ఉంటే, సులువుగా వస్తే తియ్యి, దానికోసం నీళ్లు ఆపకు. పసుపు, నెయ్యి, పేస్టు ఏవీ వద్దు. పక్కవాళ్లని 108కి ఫోన్ చెయ్యమను, సీసా మీది పేరు డాక్టరుకి చెప్పాలి.

మొన్న హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ గురించి చెప్పావే, మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చని, కడిగాక కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలని. ఆ జెల్ ఏ అల్మారాలో ఉందో, గడువు దాటిందో లేదో చూశావా? అడగడానికి మొహమాటపడకు.

రేపు వెళ్లగానే నీ బల్ల దగ్గర్నుంచి పంపు దాకా కళ్లు మూసుకుని నడిచి చూడు. ఎన్ని అడుగులో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

మీ నాన్న