ఆ జట్టు గురించి ఇంకో నాలుగు మాటలు రాయాల్సింది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో జర్మనీ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ చరిత్ర మీద వేసిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే 1944 ఫైనల్ దగ్గరికి వచ్చేసరికి మనసు చివుక్కుమంది. ఆ ఫైనల్లో డ్రెస్డెన్ చేతిలో 0-4తో ఓడిన ఎల్‌ఎస్‌వీ హాంబర్గ్‌ను, పుట్టిన రెండేళ్లలోపే అంతెత్తుకు ఎదిగిన అద్భుతమైన జట్టు అని మెచ్చుకుని వదిలేశారు. ఎలా ఎదిగిందో ఒక్క ముక్క రాయలేదు.

అది ఊరివాళ్లు కట్టుకున్న క్లబ్బు కాదు. హిట్లర్ వైమానిక దళం లుఫ్ట్‌వాఫె 1942 చివర్లో పెట్టిన జట్టు. ఎల్‌ఎస్‌వీ అంటేనే వైమానిక దళ క్రీడా సంఘం. సైన్యంలో చేరక తప్పని మంచి ఆటగాళ్లను ఏరి, హాంబర్గ్‌కు పోస్టింగ్ వేయించి, నగరాన్ని కాపలా కాసే విమాన విధ్వంసక ఫిరంగి దళాల చుట్టూ ఈ జట్టును కట్టారు. 1934 ప్రపంచకప్ ఆడిన డిఫెండర్ మ్యూన్‌ట్సెన్‌బెర్గ్ హాంబర్గ్ వాడు కాదు, ఆకెన్ నగరం మనిషి. గోల్‌కీపర్ యూరిసెన్ ఓబర్‌హౌజెన్ నుంచి వచ్చాడు. మామూలు క్లబ్బులేమో మనుషులు చాలక, రెండు మూడు కలిసి ఒకే జట్టుగా ఆడుతున్న రోజులవి. వాళ్ల ఆటగాళ్లను యుద్ధం పట్టుకుపోతే, ఈ జట్టుకు అదే యుద్ధం ఆటగాళ్లను తెచ్చిపెట్టింది. ఇక గెలవకేం చేస్తుంది? 1944లో సెమీఫైనల్ చేరిన నాలుగు జట్లలో రెండు సైనిక జట్లే. హాంబర్గ్ 3-2తో ఓడించింది గ్రోస్ బోర్న్ అనే ఆర్మీ శిక్షణ కేంద్రం జట్టునే. ఆ చోటు ఇప్పుడు పోలండ్‌లో ఉంది.

ఆటగాళ్లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. జట్టులో చోటు దొరికితే రష్యా యుద్ధరంగం ముఖం చూడక్కర్లేదేమో అన్న ఆశ ఎవరికి మాత్రం ఉండదు? ఇంట్లో అమ్మానాన్నలు ఎంత టెన్షన్ పడి ఉంటారో! అలాగని హాంబర్గ్‌లో ప్రాణానికి పూచీ ఉందా అంటే అదీ లేదు. 1943 జులై చివరి వారంలో బ్రిటన్, అమెరికా విమానాలు ఆ నగరాన్ని తగలబెట్టేశాయి. ముప్పై వేల మందికి పైగా చనిపోయారు. మూడు నెలలు తిరిగేసరికి, అక్టోబర్ 31న, ఈ జట్టు స్టుట్‌గార్ట్‌లో జర్మన్ కప్ ఫైనల్ ఆడింది. అదనపు సమయంలో 2-3తో వియన్నా జట్టు చేతిలో ఓడింది (ఆస్ట్రియా అప్పుడు జర్మనీలో కలిసి ఉంది).

ఆ మ్యాచ్ గురించి చదివినప్పుడల్లా నాకు రుడాల్ఫ్ నోక్ గుర్తొస్తాడు. అతను అసలు హాంబర్గ్ వాడే. సైన్యం పుణ్యమా అని ఆ సమయానికి వియన్నా తరఫున ఆడుతున్నాడు. తన సొంత ఊరి పేరు పెట్టుకున్న జట్టు మీదే గోల్ కొట్టాడు. ఆ జట్టులోనేమో ఎక్కడెక్కడివాళ్లో ఉన్నారు. యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1947లో, సోవియట్ ఖైదులోనే నోక్ చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై నాలుగేళ్లు. ఈ ఒక్కడి కథ వేసినా మీ వ్యాసం నిండుగా ఉండేది.

1944 ఫైనల్ జూన్ 18న బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో జరిగింది. అప్పటికి మిత్రదేశాల సేనలు ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో దిగి పన్నెండు రోజులు. అయినా వేలాది జనం వచ్చారు. అంతా మామూలుగానే ఉందని చూపించుకోవడానికి నాజీ ప్రభుత్వానికి ఆ ఆట కావాలి. యుద్ధం ముదరడంతో అదే ఏడాది జట్టును రద్దు చేశారు. తర్వాత 1945 డిసెంబర్‌లో, విజేత దేశాల నియంత్రణ మండలి జర్మనీలో సైనిక తరహా క్రీడా సంఘాలనే నిషేధించింది.

మన పిల్లలు చాలామంది ఆట చరిత్ర మీ పేజీల్లోనే మొదటిసారి చదువుతారు. హుకుం మీద కూడగట్టిన జట్టుకూ, ఊరు చందాలేసుకుని పెంచుకున్న జట్టుకూ తేడా చెప్పకుండా రెంటినీ ఒకే పట్టికలో పక్కపక్కన వేస్తే, వాళ్లకు తెలిసేది స్కోరు ఒక్కటే. దయచేసి వచ్చే ఆదివారం ఆ వ్యాసానికి కొనసాగింపుగా ఈ సంగతులు ప్రచురించండి. జాగా లేకపోతే కనీసం ఆ పట్టికను మళ్లీ వేసి, 1944 వరుస కింద అది ఎవరి జట్టో, ఎందుకు పుట్టిందో, ఎందుకు పోయిందో రెండు వాక్యాలు చేర్చండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ