పోచంపల్లి కొత్త డిజైన్లకు రక్షణ ఏది?

సంపాదకులకు,

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి రెండు దశాబ్దాలైనా, అక్కడి నేతకారులు కొత్తగా కల్పించిన డిజైన్లు మిల్లు ప్రింటు బట్టలపై యథేచ్ఛగా కనిపిస్తున్నాయి. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రాంతం పేరును, అక్కడి సంప్రదాయ నేతను కాపాడుతుందే తప్ప, ఒక నేతకారుడు నిరుడు గీసుకున్న కొత్త డిజైనుపై అతనికి ప్రత్యేక హక్కునివ్వదు. అందుకు 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోవాలి. 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. అయితే నమోదుకు ముందే డిజైను బయటికి వస్తే చట్టం దాన్ని కొత్తదిగా పరిగణించదు. చీర చూపించందే ఆర్డరు రాని నేతకారుడికి ఇది ఎంత కఠినమైన నిబంధన!

గ్రాఫు కాగితంపై గీసి, నూలును రబ్బరు పట్టీలతో బిగించి, ఒక్కో రంగుకూ విప్పి మళ్లీ కట్టి అద్దే శ్రమను ప్రింటింగ్ యంత్రం గంటల్లో కాజేస్తోంది. అసలు ఇక్కత్‌లో పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుండి, రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది; ప్రింటులో సాధారణంగా వెనకవైపు వెలిసినట్టుంటుంది. ఈ తేడా కొనేవారికి తెలియడం మంచిదే గానీ, నేతకారుడి హక్కుకు అది ప్రత్యామ్నాయం కాదు.

చేనేత శాఖ సహకార సంఘాల్లోనే నమోదు దరఖాస్తులు నింపిపెట్టే సిబ్బందిని నియమించి, రుసుమును ప్రభుత్వం చేత భరింపజేయాలి. నమోదు కాని డిజైన్లకు సైతం, బయటపెట్టిన నాటి నుంచి 3 ఏళ్ల రక్షణ ఐరోపా సమాఖ్యలో ఉంది. అలాంటి సవరణ కోసం రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి.

- ఒక చేనేత అభిమాని, నల్లగొండ