అరటి నారతో మాల కట్టేవాళ్లేరీ?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా బంధువుల పెళ్లిలో మండపమంతా ప్లాస్టిక్ పూలే, పెళ్లికూతురి పూలజడ కూడా రెడీమేడ్‌దే చూసి మనసు చివుక్కుమంది. పక్కనే కడియపులంకలో అంత పెద్ద పూల మార్కెట్ పెట్టుకుని మనకిదేం ఖర్మండీ?

మా అమ్మమ్మ అరటి నార నీళ్లలో నానబెట్టి, సన్నగా చీల్చి, అటు రెండు మల్లెమొగ్గలు ఇటు రెండు పెట్టి, మధ్యమధ్య మరువం చేర్చి మాల కట్టేది. తడి నార మొగ్గని కోయదు, దారమైతే కాడలు తెగుతాయి. పూలజడకి మొగ్గల్ని ఈనెపుల్లలకి గుచ్చి జడకి కుట్టడం ఇప్పుడెంతమందికి వచ్చు?

గుళ్లలో మాలలు కట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వేసవి సెలవుల్లో వాళ్లచేత పిల్లలకి నేర్పించమని దేవస్థానాల వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నాకు వచ్చినంత నేనూ వచ్చి నేర్పుతాను.

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం